ఖాలిదా మిస్ రెండో ట్రిప్పు

మా బడి గేటు మీద ఒక పెద్ద ఫ్లెక్సీ ఉంటుంది. పదో తరగతిలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ రాసి ఉంటుంది. ఎండకు వెలిసిపోతే మళ్ళీ కొత్తది కడతారు, మాట మాత్రం మారదు. ఆ నూరు శాతం ఎలా వస్తుందో గేటు బయటివాళ్ళకు తెలియదు. తొమ్మిదో తరగతిలో వెనకబడిన పిల్లల చేతిలో టీసీ పెట్టి, ఇంట్లో కూర్చుని ఓపెన్ స్కూలు పరీక్ష రాసుకోమని పంపేస్తారు. ఇక పదిలో మిగిలేది పాసయ్యే పిల్లలే. ఇందులో చదువు చెప్పడం అనే పని ఎక్కడుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

నా పేరు ఉమారాణి. మాది జగిత్యాల దగ్గర. మా ఆయన ఇక్కడ సౌదీలో, అల్ ఖర్జ్ అనే ఊళ్ళో మెయింటెనెన్స్ కంపెనీలో పని చేస్తాడు. నేను ఈ ఇండియన్ బడిలో ఆడపిల్లల సెక్షన్‌కు సైన్సు చెబుతాను. బడి పేరు చెప్పను. చెబితే ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుంది. నేను చెప్పదలచుకున్నది మా లెక్కల టీచరు ఖాలిదా గురించి.

ఖాలిదాది ప్రొద్దుటూరు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అబాయా అంచుకు ఎప్పుడూ సుద్దపొడి అంటుకుని ఉంటుంది. బోర్డులన్నీ తెల్లవై, పెన్నులు వచ్చి ఎన్నేళ్ళయినా ఆమె బ్యాగులో సుద్దముక్కలు ఉంటాయి. పిల్లలు రెండో ట్రిప్పు బస్సు కోసం ఎదురుచూసే రేకుల షెడ్డులో నేలమీద రాయడానికి అవి కావాలి. ఆమె క్లాసులోకి వస్తే మొదట చేసే పని పిల్లల దగ్గర రబ్బర్లు వసూలు చేయడం. తప్పు చేస్తే కొట్టేసి పక్కన మళ్ళీ చెయ్యాలి, చెరపకూడదు. తప్పు కనపడకపోతే ఎక్కడ దారి తప్పావో నాకెట్లా తెలుస్తుంది అంటుంది. సాయంత్రం ఎవరి రబ్బరు వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తుంది. ఎప్పుడూ ఒక రబ్బరు మిగిలిపోతుంది. దాని కోసం పిల్లలు పోట్లాడుకుంటారు.

ఆమెకు కోపం ఎక్కువ. పిల్లల మీద కాదు. ఫైళ్ళ మీద, మీటింగుల మీద, మా హెడ్మిస్ట్రెస్ హసీనా మేడమ్ మీద. మేడమ్ హైదరాబాదు మనిషి, మాట మెత్తన. రెండేళ్ళ కిందట ఇక్కడి విద్యాశాఖ నుంచి మూల్యాంకనానికి వచ్చిన బృందం మా బడికి తక్కువ గ్రేడు ఇచ్చి వెళ్ళినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు, మాకూ లేదు. పాఠం చెప్పే ముందు ఏం చెప్పబోతున్నామో రాయాలి. చెప్పాక ఏం చెప్పామో రాయాలి. చెప్పినది ఎంత బాగా చెప్పామో కూడా మేమే రాయాలి. రాసినదాన్ని చూసే ఆమె చూసినట్టు రాయాలి, ఆమె చూసినట్టు ఇంకొకరు సంతకం పెట్టాలి. దీన్ని పర్యవేక్షణ అంటారు. ఇంత కాగితం మధ్య ఒక్క పిల్లకు ఒక్క లెక్క కొత్తగా వచ్చిందా అని అడిగే మనిషి లేదు. అడుగుదామని నేను ఒకసారి మీటింగులో నోరు తెరిచాను. ఆ ప్రశ్నకు వేరే ఫార్మాటు ఉంది, నింపి పంపండి అన్నారు.

అఫ్షాన్ తొమ్మిదో తరగతి. తండ్రి ఫక్రుద్దీన్ ఇక్కడే ఒక డెయిరీలో పాలు చల్లబరిచే యంత్రాల టెక్నీషియన్. మైదుకూరు వాళ్ళు. తల్లికి చంటిబిడ్డ ఉంది కాబట్టి బడికి ఏ పని పడినా వచ్చేది నాయనమ్మ జైతూన్ బీ. పిల్ల నెమ్మదస్తురాలు. ఇంగ్లీషు బాగా చదువుతుంది, సైన్సులో బొమ్మలు బాగా వేస్తుంది, లెక్కల పేపరు మాత్రం తెల్లగా ఇచ్చి వస్తుంది. కరోనా రోజుల్లో బడి అంతా ఫోనులోనే జరిగింది కదా. ఆ ఫోను పట్టుకుని నాన్న డ్యూటీకి పోతే పిల్లకు క్లాసు లేదు. భిన్నాలు ఆ కాలంలోనే ఎక్కడో జారిపోయాయి. ఆ తర్వాత ఏటేటా పై తరగతికి పంపారు గానీ, కింద మెట్టు లేదని ఎవరూ చూడలేదు. చూసినట్టు సంతకాలు మాత్రం ఉన్నాయి.

అర్ధ సంవత్సర పరీక్షలో అఫ్షాన్ లెక్కల్లో తప్పింది. హసీనా మేడమ్ జైతూన్ బీని పిలిపించి, మెత్తగానే, చివరి పరీక్షలోనూ ఇలాగే అయితే టీసీ తీసుకోవాల్సి ఉంటుందని చెప్పింది. మాకు దగ్గరలో ఇంకో ఇండియన్ బడి లేదు. రోజూ రియాద్ దాకా పంపే స్తోమత వాళ్ళకు లేదు. టీసీ ఇస్తే పిల్లను నాయనమ్మతో మైదుకూరు పంపాలి. తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట. ఆ రోజు ముసలామె గేటు దగ్గర ఖాలిదా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, మా పిల్ల మొద్దు కాదమ్మా. ఇంట్లో ఏం చెప్పినా ఇట్టే పట్టుకుంటాది. ఈ లెక్కలొక్కటే యాలనో పట్టుబడవు. నువ్వే ఏదన్నా చెయ్యాల" అంది.

"రెండో ట్రిప్పు బస్సే కదా పిల్లది. ఆ టైములో నేను చూసుకుంటాలే జైతూనమ్మా, నువ్వు దిగులు పెట్టుకోవద్దు" అంది ఖాలిదా.

మా బస్సు ఒకటే, రెండు ట్రిప్పులు తిరుగుతుంది. మొదటి ట్రిప్పు వాళ్ళను దించి వచ్చేదాకా మిగిలిన పిల్లలు షెడ్డులో కూర్చుంటారు. ఖాలిదా, నేను కూడా రెండో ట్రిప్పులోనే పోతాం. అప్పటిదాకా ఆ సమయం ఎవరిదీ కాదు. బడి అయిపోయింది, ఇల్లు రాలేదు. ఖాలిదా నేలమీద సుద్దతో రాసేది, అఫ్షాన్ పక్కన గొంతుకూర్చునేది. మొదటి రోజు సగానికి మూడోవంతు కలపమంటే పిల్ల పైవి పైవి, కిందవి కిందవి కలిపి అయిదింట రెండు అని రాసింది.

"ఏం పాపా, నీ దగ్గర సగం రొట్టె ఉండాది. నేను ఇంకో ముక్క ఇచ్చినాను. ఇప్పుడు నీ దగ్గర సగం కంటే తగ్గుతాదా?" అంది ఖాలిదా.

"తగ్గదు మిస్."

"మరి నువ్వు రాసింది సగం కంటే తక్కువే కదా. ముక్క ఇచ్చి నీ రొట్టె నేనే లాక్కున్నానా?"

పిల్ల నేలమీద తాను రాసినదాన్ని మళ్ళీ చదువుకుంది. తర్వాత నవ్వింది. ఆ పిల్ల లెక్కల ముందు నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత ఒక లెక్క సరిగ్గా, రెండు తప్పుగా, అలా నడుస్తూ వచ్చింది. వేగం ఏమీ లేదు. వెనక్కి మాత్రం పోలేదు.

అంతలో మళ్ళీ బృందం వస్తోందని కబురు వచ్చింది. ఇక బడి పెళ్ళివారిల్లయిపోయింది. గోడలకు రంగులు, మొక్కలకు కొత్త కుండీలు. తొమ్మిదో తరగతి లెక్కల క్లాసు చూస్తారని తెలిసి, చూపించబోయే ఒకే పాఠాన్ని రెండు వారాలు తోమించారు. ఎవరు ఏ ప్రశ్నకు లేవాలో, ఏం చెప్పాలో అన్నీ ముందే. పిల్లలకు ఆ పాఠం కలలో కూడా వచ్చేది, మిగతా పాఠాలు అలాగే పడి ఉన్నాయి. చివరికి హసీనా మేడమ్ తానే క్లాసుకు వచ్చి ఒక ఉపాయం చెప్పింది.

"గర్ల్స్, క్వశ్చన్ అడగ్గానే అందరూ చెయ్యి ఎత్తాలి. ఆన్సర్ తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. టీచర్ కుడిచెయ్యి వాళ్ళనే పిలుస్తారు. గెస్ట్స్‌కి అందరికీ తెలుసు అన్నట్టు కనపడాలి, అంతే."

స్టాఫ్ రూములో ఖాలిదా టీ గ్లాసు టేబులు మీద పెట్టిన చప్పుడుకు నేను ఉలిక్కిపడ్డాను.

"రబ్బర్లు ఎందుకు తీసుకుంటాను ఉమక్కా నేను? తప్పు కనపడాలనే కదా. ఈమె పిల్లోళ్ళనే రబ్బరు పెట్టి చెరిపేస్తాంది. తెలియనోళ్ళు లేరంట, చూడు."

"నువ్వు జెర ఊకో ఖాలిదా. ఆ రెండు గంటలు అయిపోతే పోతరు గదా వాళ్ళు" అన్నాను నేను.

"అట్ల ఊరుకునే ఈడ దాకా వచ్చినాము" అంది. అని ఊరుకుంది. ఊరుకోక ఏం చేస్తుంది.

బృందం వచ్చిన రోజు నన్ను ఆ క్లాసులో ప్రొజెక్టరు పక్కన నిలబెట్టారు. బృందంలో లెక్కలు చూసే ఆమె సౌదీ ఆవిడ, వయసులో పెద్దది, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉంటాయి. వెనక బెంచీలో కూర్చుని పాఠమంతా విన్నది. ఖాలిదా మేడమ్ తోమించిన పాఠాన్నే చెప్పుకుంటూ పోయింది, మొహం మాత్రం గంటు పెట్టుకునే ఉంది. ప్రశ్న అడగ్గానే చేతులన్నీ లేచాయి, కుడివీ ఎడమవీ. ఖాలిదా పిలవబోయేలోగా ఆ పెద్దావిడ ఇంగ్లీషులో, మీరు ఉండండి, నేను పిలుస్తాను అంది. అని మూడో వరసలో కుడిచెయ్యి ఎత్తిన పిల్లను చూపించింది. అఫ్షాన్.

ఆ ప్రశ్నకు జవాబు అఫ్షాన్‌కు రాదని ఖాలిదాకూ తెలుసు, నాకూ తెలుసు, తలుపు దగ్గర నిలబడిన హసీనా మేడమ్‌కూ తెలుసు. పిల్ల లేచి నిలబడింది.

"నాకు తెలియదు మేడమ్" అంది ఇంగ్లీషులో, స్పష్టంగా.

"మరి చెయ్యి ఎందుకు ఎత్తావు?"

"అందరూ ఎత్తాలి మేడమ్. తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలి. కానీ మీరు పెద్దవాళ్ళు, అతిథులు. పెద్దవాళ్ళ ముందు ఎడమచెయ్యి చాపకూడదని మా దాదీ చెప్పింది. అందుకని కుడిచెయ్యి ఎత్తాను."

హసీనా మేడమ్ గోడకున్న చార్టును చదవడం మొదలుపెట్టింది. పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కోప్పడలేదు. నీకు ఏం తెలుసు అని అడిగింది. భిన్నాలు కలపడం ఇప్పుడిప్పుడే వస్తోంది మేడమ్, రెండో ట్రిప్పులో ఖాలిదా మిస్ చెబుతారు అంది పిల్ల. ఆవిడ ఒక లెక్క ఇచ్చింది. అఫ్షాన్ బోర్డు దగ్గరకు వెళ్ళి ఒకసారి తప్పు చేసి, కొట్టేసి, పక్కన సరిగ్గా చేసింది. చెరపలేదు.

వాళ్ళు కారెక్కారో లేదో జైతూన్ బీకి ఫోను వెళ్ళింది. మర్నాడు ఆఫీసు గదిలో నేనూ ఉన్నాను, క్లాసులో ఉన్నందుకు సాక్షిగా.

"మీ అమ్మాయి ఇన్‌స్ట్రక్షన్స్ ఫాలో అవ్వలేదమ్మా. స్కూల్ రెప్యుటేషన్ ఏమైందో మీకు తెలుసా?" అంది హసీనా మేడమ్.

"పిల్లకి నేను చెప్పినాను మేడమ్, పెద్దోళ్ళకి ఏదిచ్చినా కుడిచేత్తో ఇయ్యాల అని. చిన్నప్పటి నుంచి చెయ్యి మీద తట్టి తట్టి నేర్పించుకున్న్యాం. మీరు బడిలో ఎడంచెయ్యి నేర్పిస్తారని నాకు తెల్దు" అంది జైతూన్ బీ. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. నేను కిటికీ వైపు తిరిగి దగ్గాను.

"మర్యాద వేరే, డిసిప్లిన్ వేరే. ఫైనల్ ఎగ్జామ్‌లో మ్యాథ్స్ పాస్ అవ్వకపోతే ఇంక నేనేమీ చెయ్యలేను" అంది మేడమ్.

రిపోర్టు వచ్చింది. ఆ పెద్దావిడ చేతులెత్తించే నాటకం గురించి గట్టిగానే రాసింది. వెనకబడిన పిల్లలకు బడి ముగిశాక ఒక టీచరు చేస్తున్న పని బాగుందని, దాన్ని బడి నిలబెట్టుకోవాలని కూడా రాసింది. ఇంత మంచి మాట రాసి ఆమె వెళ్ళిపోయింది, తర్వాత జరిగింది ఆమెకు తెలియదు. మా యాజమాన్యం మొదటి మాట పక్కన పెట్టి రెండో మాట పట్టుకుంది. వారం తిరక్కుండా రెండో ట్రిప్పుకు ఒక పొడుగాటి ఇంగ్లీషు పేరు పెట్టారు. షెడ్డు పనికిరాదు, గదిలో జరగాలి. నేలమీద రాయకూడదు. మొదలుపెట్టే ముందు పిల్ల స్థాయి, ఆ రోజు లక్ష్యం, వాడిన సామగ్రి, పిల్ల స్పందన, టీచరు ఆత్మవిమర్శ, అన్నీ ల్యాప్‌టాప్‌లో అప్పటికప్పుడే నింపాలి. నింపినట్టు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాలి, ఫొటోలో ల్యాప్‌టాప్ తెర కనపడాలి. పిల్ల కనపడాలని మాత్రం ఎక్కడా లేదు.

ఖాలిదా మొదట మాట్లాడకుండా నింపింది. పిల్ల కోసమే కదా అనుకుంది. గళ్ళ మీద గళ్ళు. ఒకటి వదిలితే తర్వాతది తెరుచుకోదు. నెట్టు నిలిచిపోతే మళ్ళీ మొదటికి. నింపడం అయ్యేసరికి కింద బస్సు హారను కొట్టేది. అలా రోజులు పోతున్నాయి, పరీక్ష దగ్గర పడుతోంది, పిల్లకు ఒక్క లెక్క ముందుకు జరగలేదు. నేను పక్క బల్ల మీద పేపర్లు దిద్దుకుంటూ ఇదంతా చూస్తూ పళ్ళు నూరుకునేదాన్ని. ఏ పని బాగుందని రాశారో ఆ పనినే గొంతు పిసికి, దానికి దండ వేసి ఫొటో తీస్తున్నారు.

ఒకరోజు అఫ్షాన్ పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఖాలిదా వేళ్ళు కీబోర్డు మీద టకటకలాడుతున్నాయి. పిల్ల మెల్లగా అడిగింది.

"మిస్, నా గురించి రాసేది అయిపోతే నాకు చెప్తారా?"

ఖాలిదా చేతులు ఆగిపోయాయి. తెర వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపంతో వచ్చిన నీళ్ళని నాకు తెలుసు, ఎందుకంటే నాకూ వచ్చాయి. ల్యాప్‌టాప్ మూత వేసి నా బల్ల మీదికి తోసింది.

"ఉమక్కా, నువ్వన్నా రాయి, లేకుంటే పారెయ్యి. నాకు మాత్రం ఇది చాలు" అంది. బ్యాగులోంచి సుద్దముక్క తీసి, పిల్లను లేపుకుని షెడ్డుకు పోయింది.

ఆ రోజు నుంచి గళ్ళు నింపింది నేను. పిల్ల స్పందన అన్నచోట సంతృప్తికరం అని రాశాను. టీచరు ఆత్మవిమర్శ అన్నచోటా సంతృప్తికరం అని రాశాను. వాడిన సామగ్రి అన్నచోట ఒళ్ళు మండి అదే మాట రాశాను. పైనుంచి ఎవరూ కిక్కురుమనలేదు. తెర ముందు ఖాళీ కుర్చీ కనపడేలా ఫొటో పెట్టాను, దానికి శభాష్ అన్నట్టు పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. కింద షెడ్డులో ఖాలిదా గొంతు వినపడేది, సగం కంటే తగ్గుతాదా, చూసి చెప్పు, చూసి చెప్పు అని. భిన్నాల మీంచి సమీకరణాలకు ఎప్పుడు ఎక్కారో తెలియదు. అక్కడ పిల్లకు తెలియనిది తెలియదని చెప్పుకునే చోటు ఉంది. బడి మొత్తంలో ఆ చోటు అదొక్కటే.

చివరి పరీక్షలో అఫ్షాన్ లెక్కల్లో పాసయింది. గొప్ప మార్కులేం కాదు, గట్టెక్కింది. పేపరు నిండా కొట్టివేతలే, ప్రతి కొట్టివేత పక్కన మళ్ళీ చేసిన లెక్క. జైతూన్ బీ ఫలితం తెలిసిన రోజు ఒక డబ్బా నిండా సేమ్యా చేసి తెచ్చి ఖాలిదా ఒళ్ళో పెట్టింది. ఫక్రుద్దీన్ గేటు బయటే నిలబడి, ఖాలిదా బస్సెక్కేటప్పుడు తల వంచి సలాం చేశాడు. పిల్ల మైదుకూరు పోనక్కర్లేదు.

ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలైన రోజు అసెంబ్లీ పెట్టారు. యాజమాన్యం తరఫున ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి వేదిక మీద కూర్చున్నారు. హసీనా మేడమ్ మైకు అందుకుని మన పర్యవేక్షణ పద్ధతి వల్ల ఫలితాలు ఎలా పెరిగాయో చెప్పింది. ఆ పొడుగాటి పేరును రెండుసార్లు పలికింది. నూటికి తొంభై ఎనిమిది సెషన్లకు పూర్తి ఆధారాలు ఉన్నాయంది. అవి నేను రాసిన సంతృప్తికరాలు. ఖాలిదా పేరు మాత్రం ఎక్కడా రాలేదు. నా పక్కన నిలబడిన ఖాలిదా వేళ్ళతో సుద్దముక్కను నలుపుతోంది. అరవాలని ఉంది నాకు. మైకు దూరంగా ఉంది.

"ఈ ప్రోగ్రామ్ వల్ల బెనిఫిట్ అయిన గర్ల్స్ అందరూ హ్యాండ్స్ రెయిజ్ చెయ్యండి. గెస్ట్స్ చూడాలి" అంది మేడమ్ చివరికి.

చేతులు లేచాయి, అందరివీ కుడిచేతులే. పదో తరగతి వరసలో అఫ్షాన్ ఒక్క క్షణం ఆగింది. వేదిక మీద పెద్దవాళ్ళను చూసింది, మా వైపు చూసింది. తర్వాత తన ఎడమచెయ్యి పైకెత్తి, అందరి చేతుల కంటే ఎత్తుగా పట్టుకుని నిలబడింది.

హసీనా మేడమ్ అది చూసి, నవ్వు చెదరకుండా, ఇక చేతులు దించమంది. అందరూ దించారు. అఫ్షాన్ ఇంకాసేపు దించలేదు.